వాచీ వెనక పేరు

ద్వారకా నగర్ షోరూంలో ఆ వాచీ ఒక్కటే అలా ఉంది. మిగతావన్నీ నలుపూ తెలుపూ ముదురు నీలం. దీనికి మాత్రం మధ్యలో సముద్రపు రంగు, చుట్టూ ఒక్కో అంకెకీ ఒక్కో రంగు. పన్నెండు నారింజ, మూడు గులాబీ, ఆరు చిలకపచ్చ, తొమ్మిది మామిడిపండు పసుపు. సెకన్ల ముల్లు మాత్రం ఎర్రగా ఉండేది. అక్కడున్న స్విస్ వాచీల్లో ఇదే చవకది అన్నాడు షోరూం అతను. ఆ చవకదాని కోసమే రెండు క్రిస్మస్‌లకి నేను కొత్త చీర కొనుక్కోలేదు.

"దీనికి బ్యాటరీ ఉండదు మేడమ్. చెయ్యి కదిలితే నడుస్తుంది. ముల్లు చూడండి, టిక్కు టిక్కుమని ఆగదు, జారిపోతూ ఉంటుంది" అని చూపించాడు.

"మగాళ్లు ఇన్ని రంగులు పెట్టుకుంతారా?" అని అడిగాను.

"పెట్టుకునే మగాడికే ఇవ్వండి" అన్నాడు.

నేను చేసుకోబోయే యోహాన్ పెట్టుకుంటాడని నాకు తెలుసు. స్టీల్ ప్లాంటులో అసిస్టెంట్ మేనేజరు. లోపల ఉన్నంతసేపూ ఖాకీ చొక్కా, హెల్మెట్టు. గేటు దాటి బయటికొచ్చాడంటే పూలచొక్కా. పదిమందిలో ఉంటే పదిమందీ తననే చూడాలి. అప్పట్లో నేనూ చూశాను.

మా అమ్మ కృపావతి నర్సుగా చేసి రిటైరయింది. మా ఇంట్లో గరిటె నుంచి గంగాళం దాకా ప్రతి స్టీలు సామాను మీదా ఆమె పేరుంటుంది. పూర్ణా మార్కెట్లో గిన్నెల షాపులవాళ్లు చిన్న మిషను పెట్టి గుర్రుమని చెక్కుతారే, ఆ రాత. "పేరు సెక్కిన సామాను పెళ్లికెల్లినా పేరంటానికెల్లినా తిరిగి ఇంటికొచ్చీస్తాది" అంటుంది. మా పెళ్లి ఒప్పందానికి ముందు రోజు నేను ఆ వాచీని అదే గిన్నెల షాపుకి పట్టుకెళ్లాను. షోరూం అతను చూసుంటే గుండె ఆగిపోయేది. వెనకవైపు ఉక్కు మూత మీద తెలుగులో 'కేథరిన్' అని చెక్కించాను. అక్షరాలు కొంచెం వంకర పోయాయి, అందులో 'థ' మరీను. యోహాన్‌కి చెప్పలేదు. ఏదో ఒకరోజు విప్పినప్పుడు తనే చూసుకుంటాడు, నవ్వుకుని నాకు ఫోన్ చేస్తాడు అనుకున్నాను.

ఒప్పందం మా చర్చి హాల్లోనే జరిగింది. అందరి ముందూ నేనే అతని ఎడమ చేతికి వాచీ కట్టాను. చెయ్యి పైకెత్తి నాలుగు వైపులకీ తిప్పి చూపించాడు. "ఇంక జీవితమంతా దీన్ని విప్పను" అని వెనక వరసలోవాళ్లకి కూడా వినపడేలా అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మా అమ్మ కళ్లు తుడుచుకుంది.

విప్పకుండా అయితే లేడు. రాత్రిపూట విప్పి తలగడ పక్కన పెట్టుకుంటానని తనే చెప్పాడు. కానీ ఒక్కసారి కూడా తిప్పి చూడలేదు. ఫొటో తీసుకుంటే గడ్డం కింద చెయ్యి పెట్టుకునేవాడు, రంగులు కనపడాలని. నేను ఉండబట్టలేక ఒకసారి "వెనక ఎలాగుంతాదో" అన్నాను. "వెనక ఏముంటుంది, ఇనుము. మాకు ప్లాంటులో బోలెడంత ఉంది" అని నవ్వాడు. ఆ నవ్వుకి నేను కూడా నవ్వాను. తర్వాత బస్సులో మద్దిలపాలెం దాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూచున్నాను.

వేసవి దాటాక యోహాన్ వాళ్లు ఒప్పందం వద్దనుకున్నారు. గాజువాకలో గవర్రాజు అనే పెద్ద కాంట్రాక్టరు కూతురి సంబంధం వచ్చిందని తర్వాత తెలిసింది. అప్పుడు చెప్పిన కారణం మాత్రం నా నోరు. పిల్ల మంచిదే గానీ నోరు మంచిది కాదు, కోపం ముక్కు మీదుంటుంది అన్నారు. అది అబద్ధమని నేను అనను. పోర్టు దగ్గర క్లియరింగ్ ఏజెన్సీలో పని నాది. కంటెయినరు కదలాలంటే లారీవాళ్లతో, యార్డువాళ్లతో పొద్దస్తమానం అరవాలి. నెమ్మదిగా అడిగితే సరుకు అక్కడే పాతబడిపోతుంది. ఆ నోరు చూసే కదా నచ్చానని అతను మొదట్లో అన్నాడు. అవసరం తీరాక అదే తప్పయింది.

మాలో ఒప్పందం చెడితే ఇచ్చిపుచ్చుకున్నవన్నీ సంఘ పెద్దల ముందు తిరిగి ఇచ్చేసుకోవాలి. ఉంగరం, బట్టలు, వాచీ డబ్బా ఒక్కోటీ తెచ్చి బల్ల మీద పెట్టాడు యోహాన్. "మర్యాదస్తులు. గుండుసూది కూడా ఉంచుకోలేదు" అన్నారందరూ. నేను ఆ రోజు ఏదీ ముట్టుకోలేదు. అమ్మే సంచిలో వేసి తెచ్చి బీరువా అడుగున పెట్టింది. ఆ డబ్బా తెరవడానికి నాకు చాన్నాళ్లు పట్టింది.

తెరిచాక మాత్రం ఎక్కువసేపు పట్టలేదు. రంగులన్నీ ఉన్నాయి, నారింజ, గులాబీ, అన్నీ. ఎర్ర ముల్లు మాత్రం టిక్కు టిక్కుమని ఆగి ఆగి నడుస్తోంది. తిప్పి చూశాను. వెనక నున్నగా ఉంది. వంకర 'థ' లేదు, నా పేరే లేదు. ఎక్కడో ఆన్‌లైన్‌లో దొరికే నకలు తెప్పించి డబ్బాలో పెట్టి, అసలుది తను ఉంచేసుకున్నాడు. అతను నన్ను వదిలేసినప్పుడు నేను మూడు దిండ్లు తడిపాను. ఇప్పుడు చుక్క నీళ్లు రాలేదు. నేను అక్కర్లేదు, నా వాచీ కావాలి. ఇంతకన్నా పెద్ద తిట్టు నన్ను ఇంతవరకూ ఏ లారీ డ్రైవరూ తిట్టలేదు.

మర్నాడే సంఘ పెద్దల దగ్గరికి వెళ్లాను. మా సంఘ పెద్ద సుందర్ రాజ్ అంకుల్ పోర్టులో ఓడల్ని లాగే టగ్గు బోటు నడిపి రిటైరయిన మనిషి. ఒడ్డు నుంచి ఓడకి మైకు లేకుండా మాట్లాడగలడు. యోహాన్‌ని పిలిపించాడు. అతను ఖాళీ చేత్తో వచ్చాడు. మామూలుగా మాట్లాడితే అతనిదీ మా భాషే, పెద్దల ముందు మాత్రం టీవీలో వార్తలు చదివినట్టు మాట్లాడతాడు.

"నేను తిరిగి ఇచ్చింది అదే వాచీ. ఆవిడే మార్చి నా మీద వేస్తున్నారేమో మరి. అసలు వాచీకి ఏదైనా గుర్తు ఉంటే చెప్పమనండి" అన్నాడు.

నా పేరు నా నాలిక చివరి దాకా వచ్చింది. అప్పుడు అతని మొహం చూశాను. ఆ మొహంలో భయం లేదు. గుర్తేమీ లేదని అంత గట్టిగా నమ్ముతున్నాడంటే, ఈ రోజుకీ ఆ వాచీని తిప్పి చూడలేదన్నమాట. నేను ఇప్పుడు చెప్పేస్తే ఇంటికి వెళ్లగానే తిప్పి చూస్తాడు, ఆకురాయి పెట్టి అరగదీస్తాడు. నోరు మూసుకున్నాను. నోరున్నదాన్నని పేరు పడ్డాక నేను నోరు మూసుకున్నది ఆ ఒక్కసారే. తల కూడా దించుకున్నాను. మావాళ్ల లెక్కలో తల దించుకుంటే తప్పు ఒప్పుకున్నట్టే.

"సూడమ్మా కేథరిన్" అన్నాడు సుందర్ రాజ్ అంకుల్. "కోపం ఎవులకైనా ఉంతాది. అలాగని నిందలేసీకూడదు. నాను కళ్లారా సూత్తన్నాను కదా, ఇది అసలుదే. పెద్దల తీర్పు ఇదే. పట్టుకెల్లు."

ఆదివారానికల్లా ఊరంతా తెలిసింది. కోపిష్టి అన్న మాట పాతబడి, అబద్ధాలకోరు అన్న మాట వచ్చింది. కోపిష్టి అంటే నాకు బాధ లేదు. చిన్నప్పటి నుంచీ నేను పాడుతున్న చర్చి కాయిరులో, పక్కన నిలబడే ఆడవాళ్లు నన్ను చూసి పాటల పుస్తకం వెనక్కి మొహం పెట్టుకున్నారు. ఒకావిడ తన పర్సు తీసి అవతలి పక్కన పెట్టుకుంది. ఆ పర్సు నేను ఈ జన్మలో మరిచిపోను. ఆ తర్వాత చర్చికి వెళ్లడం మానేశాను. ప్రార్థన చేసుకోవడం మానలేదు. ఏమని చేసుకున్నానో పాస్టరుగారికి చెప్పలేను. వాచీ పోయినా పోనీ, నా మాట నిజమని అదే చోట, అందరి ముందూ తేలాలి. తేలిన రోజు అతను అక్కడే నిలబడి ఉండాలి.

మా ఆఫీసులో రోజారమణి నా పక్క సీటు. ఒకరోజు తన ఫోన్ నా మొహం ముందు పెట్టింది.

"ఏటే, ఈడు మీ యోహాన్ కదేటి? పక్కనెవులు?"

బీచ్ రోడ్డు, సాయంత్రం, పక్కన ఒక చక్కటి పిల్ల. గవర్రాజుగారి అమ్మాయి ఆశాజ్యోతి అని కింద రాసుంది. యోహాన్ గడ్డం కింద చెయ్యి పెట్టుకున్నాడు. ఫొటో చిన్నదే గానీ నారింజ, పసుపు ఎక్కడికి పోతాయి?

"ఇది పెద్దలకి సూపించీ, అయిపోద్ది" అంది రోజారమణి.

"సూపిస్తే ఇంకోటి కొనుక్కున్నానంతాడు. నాకు ఫొటో అక్కర్లేదే. సెయ్యి కావాలి" అన్నాను.

ఆ చెయ్యి ఎలా దొరుకుతుందో మా అమ్మ చెప్పింది, తనకి తెలియకుండానే. ఏటా కోత పండుగ చేస్తాం మా చర్చిలో. నిజం చెప్పాలంటే మాలో పంట పండించేవాడు ఒక్కడూ లేడు. అందరివీ పోర్టు ఉద్యోగాలు, ప్లాంటు ఉద్యోగాలు, ఆస్పత్రి ఉద్యోగాలు. మా తాతలెవరో గోదావరి పక్క నుంచి వచ్చారు గనక, పూర్ణా మార్కెట్లో గుమ్మడికాయ కొని అదే మా పంట అని దేవుడికి ఇస్తాం. కొందరు కోడిని తెస్తారు, కొందరు కేకు చేసి తెస్తారు, ఒకాయన ఏటా ప్రెషర్ కుక్కరు తెస్తాడు. ఆరాధన అయ్యాక అవన్నీ హరాజు వేస్తారు. పావుకిలో కాకరకాయల కోసం ఇద్దరు షావుకార్లు పంతం పట్టి పాడుకుంటుంటే భలే సరదాగా ఉంటుంది. మా దగ్గర ఒక పద్ధతి ఉంది. పాట ఎవరికి కొట్టేస్తే వాళ్లు ముందుకొచ్చి, ఆ వస్తువు ఇచ్చినవాళ్ల చేతుల మీదుగానే అందుకోవాలి. కేకయితే ముక్క నోట్లో పెట్టాలి. శాలువా అయితే కప్పాలి. అప్పుడు పాస్టరుగారు ఇద్దరి కోసమూ ప్రార్థన చేస్తారు.

"ఈసారి కోత పండక్కి యోహానోలు గాజువాక సుట్టాల్ని తెత్తన్నారంట. నువ్వెలాగూ రావు గావాల, నాను ఒక్కదాన్నే ఎల్లొచ్చీస్తాను" అంది అమ్మ, బియ్యంలో రాళ్లు ఏరుతూ.

"నానూ వత్తాను" అన్నాను.

అమ్మ చెయ్యి ఆగింది. "గొడవ సేత్తావేటి?"

"కానుక ఇస్తాను."

"పాపా, దేవుడున్నాడు, ఆయన సూసుకుంతాడు. నువ్వు వదిలీ."

"ఆయన సూసుకోడానికి ఒకలు సొక్కా సెయ్యి పైకి లాగాల గదమ్మా" అన్నాను. అమ్మ మళ్లీ రాళ్లు ఏరుకుంది. కానీ ఆ పూట అన్నంలో రెండు రాళ్లు తగిలాయి.

శనివారం సాయంత్రం నకిలీ వాచీని డబ్బాతో సహా సుందర్ రాజ్ అంకుల్ చేతిలో పెట్టాను.

"ఇదేటమ్మా?"

"కానుకండి, హరాజుకి. మీరే గదా అసలుదని తీర్పు సెప్పినారు. ఇంట్లో పెట్టుకుంటే మనసు బాగోట్లేదు, దేవుడికి ఇచ్చీసినాను."

ఆయన మొహం మెత్తబడింది. పిల్లకి బుద్ధొచ్చింది అనుకున్నాడు. నా తల మీద చెయ్యి పెట్టి దీవించాడు కూడా. ఆ దీవెన తీసుకున్నాను. అసలుదని ఆయనే అన్నాక, నకిలీ అని ఇప్పుడు నేను అనడానికి లేదు, వద్దనడానికి ఆయనకీ లేదు.

ఆ నకిలీని కొత్త చుట్టాల చేతిలో పడనివ్వడు, ఎంతకైనా తనే పాడుకుంటాడు. నాకు తెలియనిది ఒక్కటే. ఆ రోజు అతను అసలు వాచీ పెట్టుకొస్తాడా, రాడా. కొత్త చుట్టాలకి సొంతంగా కొనుక్కున్నానని చెప్పుకున్నాడని రోజారమణి ఆరా తీసి చెప్పింది. వాళ్లముందు అది లేకుండా తిరగడు. నేను చర్చి మానేశానని అతనికి తెలుసు. ఫుల్ చేతుల చొక్కా వేసుకుంటే పాతవాళ్లెవరికీ కనపడదు. అతని గొప్ప మీద నాకున్న నమ్మకం, పెళ్లి చేసుకుందామనుకున్నప్పుడు అతని మీద కూడా లేదు.

ఆదివారం చివరి వరసలో కూచున్నాను. యోహాన్ ముందు వరసలో, తెల్ల ఫుల్ చొక్కా, కఫ్ బొత్తాం పెట్టుకుని. పక్కన ఆశాజ్యోతి. ఆ పక్కన గవర్రాజుగారు, పెద్ద మీసాలు, పెద్ద గొంతు. తాతల నాటి హిందూ పేరు మార్చుకోలేదు గానీ కానుకల సంచిలో నిండు చేత్తో వేశాడు. యోహాన్ వెనక్కి తిరగలేదు. ఆ కఫ్ కింద ఏముందో నాకు కనపడలేదు.

హరాజు మొదలైంది. గుమ్మడికాయని గవర్రాజుగారే పాడుకున్నాడు, "మళ్లీ పాడండి" అని దేవుడికే తిరిగి ఇచ్చేశాడు. జనం మెచ్చుకున్నారు. కోడిని ఒక డాక్టరుగారు పాడుకుంటే అది ఆయన కోటు మీద పని కానిచ్చింది. అందరూ నవ్వుతున్నారు. అప్పుడు సుందర్ రాజ్ అంకుల్ డబ్బా తెరిచాడు.

"ఇదిగో, విదేశీ వాచీ. రంగులు సూడండి. మన కృపావతమ్మగారి అమ్మాయి కేథరిన్ ఇచ్చిన కానుక. అసలుదే, నాది పూచీ."

యోహాన్ మెడ బిగుసుకోవడం చివరి వరస నుంచి కూడా చూశాను. అప్పుడు తిరిగాడు. వరసలన్నీ వెతికి నన్ను పట్టుకున్నాడు. నేను చెయ్యి ఊపాను.

గవర్రాజుగారు లేచి నిలబడి కళ్లజోడు సర్దుకున్నాడు. "ఓర్నీ, ఇది మా అల్లుడి వాచీలాగే ఉన్నాదే. అచ్చు ఇదే. అమ్మాయికి కూడా ఒకటుంటే జత కుదురుతాది. రాయండి నా పాట" అన్నాడు.

ఉందన్నమాట. అల్లుడి వాచీ అన్నాడంటే ఉంది.

ఆ వాచీ మామగారింటికి వెళ్తే, ఇద్దరివీ పక్కపక్కన పెట్టి చూసుకుంటారు. ఒకటి జారుతుంది, ఒకటి టిక్కుమంటుంది. అది యోహాన్‌కి నాకన్నా ముందే తెలుసు. పైకి లేచి తనూ పాడాడు. గవర్రాజుగారికి అల్లుడి సరదా నచ్చింది, ఇంకొంచెం పెంచాడు. యోహాన్ ఇంకా పెంచాడు. "మామా అల్లుళ్లు పాడుకుంటన్నారు, సూడండి" అని మైకులో సుందర్ రాజ్ అంకుల్ ఎగదోశాడు. జనం ఈలలు వేశారు. యోహాన్ చొక్కా వీపు తడిసి అతుక్కుపోయింది. చివరికి తన నెల జీతానికి మించి పాడాడు, అప్పుడు గవర్రాజుగారు నవ్వుతూ రెండు చేతులూ ఎత్తేశాడు.

"పోనీలెండి, మా అమ్మాయికి ఇవ్వడానికే గదా ఇంత పంతం" అన్నాడు. ఆశాజ్యోతి సిగ్గుపడింది. ఆ పిల్ల మీద నాకు కోపం లేదు. ఉందని ఇంతకుముందు అనుకున్నాను గానీ, ఆ సిగ్గు చూశాక లేదు.

"ఒకటోసారి, రెండోసారి, మూడోసారి" అని గంట కొట్టాడు సుందర్ రాజ్ అంకుల్. "బాబు యోహాన్, ముందుకి రా. అమ్మా కేథరిన్, నువ్వూ రా. జరిగిందేదో జరిగిపోనాది. దేవుని మందిరంలో అందరి ముందూ నీ సేత్తో కట్టు."

"అవసరం లేదు అంకుల్, డబ్బాలో పెట్టి ఇచ్చేయండి" అన్నాడు యోహాన్.

"అదేటి, పద్ధతి మరిసిపోనావా?"

చివరి వరస నుంచి ముందు దాకా నడిచాను. పర్సు అవతల పెట్టుకున్నావిడ దగ్గర కొంచెం నెమ్మదిగా నడిచాను. నకిలీ వాచీ అందుకుని యోహాన్ ఎదురుగా నిలబడ్డాను. అతను కుడి చెయ్యి చాపాడు.

"వాచీ ఎడం సేతికి గదండి కట్టేది" అన్నాను.

"దీనికే కట్టు, చాలు" అన్నాడు పళ్ల మధ్య నుంచి.

వెనక నుంచి గవర్రాజుగారు, పాపం, ఏమీ తెలియని మనిషి, గట్టిగా అన్నాడు. "ఎడం సెయ్యి ఇయ్యి అల్లుడూ. సిగ్గేటి?"

జనం నవ్వారు. యోహాన్ ఎడమ చెయ్యి కదల్లేదు. నేనే పట్టుకున్నాను. కఫ్ బొత్తాం తీసి చొక్కా పైకి లాగాను. నారింజ, గులాబీ, చిలకపచ్చ, మామిడిపండు పసుపు. ఎర్ర ముల్లు ఎక్కడా ఆగకుండా జారిపోతోంది.

"ఈ సేతికి ఆల్రెడీ ఒకటుంది గదండీ" అన్నాను.

"అది నాది. నేను కొనుక్కున్నాను" అన్నాడు. వార్తల భాష ఇంకా పోలేదు.

"మీదే అయితే ఒకసారి విప్పుతాను. రెండూ ఒక సేతికి పట్టవు."

బెల్టు విప్పాను. వాచీ అతని ఒంటి వేడితో వెచ్చగా ఉంది. ఒప్పందం నాడు ఇదే బెల్టు నా చేత్తోనే కట్టాను. అది గుర్తొచ్చి నాకు ఏడుపు రాబోయింది. వెంటనే పర్సు గుర్తొచ్చింది. ఏడుపు ఆగిపోయింది. వాచీని తిప్పకుండానే సుందర్ రాజ్ అంకుల్ చేతిలో పెట్టాను.

"ఆ రోజు గుర్తుంటే సెప్పమన్నారు గదండి ఈయన. వెనక సూడండి."

యోహాన్ మొహంలో అప్పుడు కనపడింది భయం. ఏముందో తెలిసిన భయం కాదు, ఏముందో తెలియని భయం. నేను ఇన్నాళ్లూ దాచుకున్నది ఆ మొహం కోసమే.

సుందర్ రాజ్ అంకుల్ కళ్లజోడు పెట్టుకుని వాచీని వెలుగుకి తిప్పాడు. మైకు ఇంకా ఆయన చేతిలోనే ఉంది.

"కే... థ... రిన్" అని చదివాడు.

చర్చి మొత్తం విన్నది. చదివేశాక ఆయన మైకు పక్కకి తీశాడు గానీ అప్పటికే ఆలస్యమైంది. నకిలీ దాన్ని కూడా నా చేతిలోంచి తీసుకుని తిప్పి చూశాడు. నున్నగా ఉంది. రెండు వాచీలనీ చెవి దగ్గర పెట్టుకున్నాడు, కళ్ల దగ్గర పెట్టుకున్నాడు.

"నాకు తెల్దు... నాకు తెల్దండి, ఎనకాల ఏటి రాసుందో నాను సూడనేదు" అన్నాడు యోహాన్. వార్తల భాష పోయింది.

"సూడనేదని నాకు తెలుసు" అన్నాను. అంతకన్నా నిజం ఆ చర్చిలో ఆ రోజు ఎవరూ చెప్పలేదు.

ఆశాజ్యోతి లేచి నిలబడింది. "నువ్వు కొనుక్కున్నానన్నావు కదా" అంది, గట్టిగా కాదు. గవర్రాజుగారు కూతురి భుజం మీద చెయ్యి వేశాడు. ఆయన పెద్ద గొంతు ఎక్కడికో పోయింది. వాళ్ల సంగతి వాళ్లు ఏం తేల్చుకున్నారో నాకు తెలియదు. నేను అడగలేదు. ఇద్దరూ పక్క గుమ్మంలోంచి వెళ్లిపోయారు, యోహాన్ వాళ్ల వెనక అడుగు వెయ్యబోయాడు.

"ఆగండి. పాట మీకే కొట్టీసినారు" అన్నాను.

నేను చెయ్యి పట్టుకుంటే వెనక్కి లాక్కోబోయాడు. నేను వదల్లేదు. కంటెయినరు సీళ్లు రోజూ లాగే చెయ్యి నాది. నకిలీ వాచీని అంకుల్ దగ్గర తీసుకుని అదే ఎడమ చేతికి చుట్టి, బెల్టు చివరి కన్నం దాకా బిగించాను.

"విప్పకండి. జీవితమంతా విప్పనన్నారు, వీళ్లంతా విన్నారు" అన్నాను.

అతని వాచీ టిక్కు టిక్కుమంటోంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

సుందర్ రాజ్ అంకుల్ నా దగ్గరికి వచ్చి, చెవి దగ్గర చిన్న గొంతుతో అన్నాడు. "తప్పయిపోనాదమ్మా. నాను తొందరపడీసినాను. మనసులో పెట్టుకోకు."

"మైకులో సెప్పండి అంకుల్" అన్నాను.

"అమ్మా..."

"నన్ను అబద్ధాలకోరన్నప్పుడు ఊరంతా విన్నాది. ఇప్పుడు నాకొక్కదానికే సెప్తే ఎలాగ?"

ఆయన చేతిలో మైకు వంక చూశాడు. తర్వాత నోటి దగ్గర పెట్టుకున్నాడు. "కేథరిన్ సెప్పింది నిజం. పెద్దలం తప్పు తీర్పు సెప్పినాం" అన్నాడు. ఓడలకి వినపడే గొంతు ఆ రోజు ముందు వరస దాటలేదు. పర్సావిడకి వినపడలేదేమోనని రెండోసారి చెప్పించాను. మనిషి పెద్దవాడు, జాలి వెయ్యలేదా అంటే వేసింది. అయినా చెప్పించాను.

పద్ధతి ప్రకారం పాస్టరుగారు ఇద్దరి కోసమూ ప్రార్థన చెయ్యాలి. చేశారు కూడా, చాలా పొట్టిగా. తర్వాత నన్ను పక్కకి పిలిచారు. "క్షమించేసినావా తల్లీ?" అని అడిగారు.

"ఇంకా లేదండి. సేసినప్పుడు మీకే ముందు సెప్తాను" అన్నాను. ఆయన నిట్టూర్చి, మిగిలిన గుమ్మడికాయ హరాజు వెయ్యమన్నారు.

ఇంటికొచ్చేటప్పుడు బస్సులో అమ్మ నా పక్కన కిటికీ వైపు కూచుంది. తిడుతుందనుకున్నాను. వచ్చే ఆదివారం నన్ను కాయిరులోకి పిలుస్తారో లేదో, పిలిచినా వెళ్తానో లేదో ఆలోచిస్తున్నాను. అంకుల్ తిరిగిచ్చిన అసలు వాచీ నా చేతికి పెద్దదయింది, జారి మోచేతి దాకా పోతోంది. మద్దిలపాలెం దగ్గరికొస్తుండగా అమ్మ నా చెయ్యి తన ఒళ్లోకి లాక్కుని వాచీ విప్పింది. తిప్పి, చీర చెంగుతో వెనకవైపు చెమట మరక తుడిచింది. వంకర 'థ' మీద గోరు పెట్టి రాసి చూసింది.

"నాను సెక్కించుంటే ఇంకాస్త లోతుగా సెక్కించీదాన్ని" అంది.